మంత్రగత్తె వంతు ఆఖరున

మార్చి 3, ఆదివారం

కొత్త నోటుబుక్కు. బైండింగు గదిలో మిగిలిపోయిన కాగితాలతో నేనే కుట్టుకున్నాను, అట్టకి నీలం గుడ్డ. ఇది ఎవరూ చదవరు కాబట్టి నా గొప్ప నేనే చెప్పుకోవచ్చు. కుట్టు ఎంత బాగా కుదిరిందంటే, బల్ల మీద తెరిచి పెడితే చేత్తో నొక్కక్కర్లేకుండా చాపలా పరుచుకుంటోంది. లైబ్రరీలో పంతొమ్మిదేళ్ళుగా చిరిగిన పుస్తకాలు బాగుచేస్తున్న చెయ్యి మరి!

ఇవాళ ఆట అద్భుతంగా జరిగింది.

పొద్దున పక్కింటావిడ అమ్మని అడిగింది, "ప్రతి ఆదివారం మీ ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని అలా అరుస్తారు, ఏం ఆటండీ అది?" అని. అమ్మ చెప్పిన జవాబు రాసిపెట్టుకోవాలి. "మా అమ్మాయి కథ చెబుతుందండీ. అందులో ఒక్కొక్కళ్ళది ఒక్కో వేషం. ఏం చెయ్యాలన్నా పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే చేసినట్టు, చిన్నది పడితే చచ్చినట్టు." రెండేళ్ళుగా ఆట నడుపుతున్న నేను ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను. అమ్మ మాత్రం తన పాత్ర సంగతి చెప్పలేదు. రాక్షసులందరి తరఫునా పాచికలు వేసేది ఆవిడే. కంట్లో శుక్లం వల్ల అంకె సరిగ్గా కనపడదు, అయినా మా ఇరవై ముఖాల పాచిక మీద ఏది పడినా "ఇరవై!" అంటుంది. దొంగ వేషం వేసే మా వీధి పోస్ట్‌మాన్ వంగి చూసి "ఆరు అమ్మగారూ" అంటాడు.

ఇవాళ వంతెన మీద ఇరవైమంది బందిపోట్లు. వంతెన ఇరుకు, ఒకేసారి ఇద్దరికన్నా ఎక్కువమంది మీద పడలేరు. అది తమ్ముడి కోసం నేను కట్టిన వంతెన. వాడి కత్తివీరుడు దాని మొదట్లో నిలబడి ఒక్కొక్కణ్ణీ నీళ్ళలోకి తోసేస్తూ ఉంటే ఎలా ఉంటుందో అని వారమంతా ఊహించుకున్నాను. తమ్ముడు చొక్కా చేతులు పైకి మడిచి పాచిక తీశాడు. వెయ్యబోతుండగా మంత్రగత్తె వేషం వేసే డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

"నా దగ్గర నిప్పుల వాన ఉంది. వెయ్యనా?"

వేసింది. ఇరవైమందీ పోయారు. వంతెన కూడా పోయింది. అవతలికి ఎలా వెళ్ళాలి అని పోస్ట్‌మాన్ అడిగితే, "గాల్లో తేలే మంత్రం కూడా ఉందిగా" అంది.

అందరం చప్పట్లు కొట్టాం. తమ్ముడు కూడా కొట్టాడు. తర్వాత పాచికని తన రేకు డబ్బాలో పెట్టేసుకున్నాడు. బాగానే ఉన్నాడు.

మార్చి 4, సోమవారం

డాక్టరమ్మని ఏమీ అనడానికి లేదు. పళ్ళ డాక్టరు కదా, ఏ పనీ సగంలో వదలదు. మంత్రగత్తె వేషం తీసుకున్న రోజు నుంచీ ఒక్కో మంత్రానికి ఒక్కో కార్డు రాసుకుని, రంగుల వారీగా పేర్చుకుని తెస్తుంది. మొదట్లో ఆ మంత్రగత్తెకి వచ్చింది ఒక్క దీపం వెలిగించడం. తమ్ముడి వెనక దాక్కునేది. ఇప్పుడు కార్డులు యాభై రెండు. తలుపుకి తాళం ఉంటే పోస్ట్‌మాన్ ఆడే దొంగ తన ఇనప పుల్లలు తీసేలోపు ఈవిడ తాళం తీసే కార్డు తీస్తుంది.

రూల్సు పుస్తకం కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మంత్రాల భాగం మాలో ఎవరికీ అవసరం లేదు. మాకున్నది ఒక్కటే ప్రతి. లైబ్రరీ వాళ్ళు వెనకట్ట ఊడిపోయిందని పారేస్తుంటే తెచ్చుకుని ఎర్రగుడ్డ అట్ట వేశాను. అంచులు కోసేటప్పుడు కత్తి కాస్త లోపలికి వెళ్ళి పేజీ నంబర్లు ఎగిరిపోయాయి. డాక్టరమ్మ అప్పుడప్పుడు సణుగుతూ ఉంటుంది. నంబర్లదేముంది, పుస్తకానికి అందం ముఖ్యం.

మార్చి 6, బుధవారం

మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని తమ్ముడి గురించి ఆలోచించాను. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా ఒంటరిగా చీకటి గొట్టాల్లో వేలాడే పని. మాటలు తక్కువ.

మేమిద్దరం ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. ఎందుకో రాయను, నాకు తెలుసు కదా. రెండేళ్ళ కిందట అమ్మ వాడికి ఫోన్ చేసి, "బల్ల కాలు ఊగుతోందిరా, వచ్చి చూడు" అంది. బల్ల కాలు శుభ్రంగా ఉంది. వాడు పనిముట్ల సంచితో వచ్చేసరికి నేను, డాక్టరమ్మ, పోస్ట్‌మాన్ ఆ బల్ల చుట్టూ ఆట మొదలుపెడుతున్నాం, నాలుగో కుర్చీ ఖాళీ. "కాలు తర్వాత చూద్దువుగాని, ముందు కూర్చో. వీళ్ళకి కత్తి పట్టేవాడు తక్కువయ్యాడు" అంది అమ్మ. కూర్చున్నాడు. నా మొహం చూడలేదు. కథలో కోట తలుపు వచ్చింది. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. అప్పుడు వాడు బల్లకేసి చూస్తూ, "ఒరేయ్ కాపలావాడా, తలుపు తియ్యి" అన్నాడు.

ఆరేళ్ళ తర్వాత నా తమ్ముడు నాతో అన్న మొదటి మాట అది. కాపలావాడి గొంతు పెట్టి, "ఎవరు నువ్వు?" అన్నాను. వాడు చెప్పాడు. వెంటనే తీసేశాను. పాచిక కూడా వెయ్యనివ్వలేదు.

అప్పటి నుంచీ ఆదివారాలు మాట్లాడుకుంటున్నాం. ఆట గురించే అయినా మాటలే కదా. వాడికి ఈ ఆట విసుగెత్తకూడదు. అంతే నాకు కావలసింది.

మార్చి 10, ఆదివారం

తమ్ముడి కత్తివీరుడికి మాయకత్తి దొరికేలా చేశాను. ఊపితే మెరుపులు వస్తాయి, వీరుడు నిద్రపోతున్నా శత్రువుని నరుకుతుంది. మంత్రగత్తెకి యాభై రెండు కార్డులుంటే వీడికి ఒక్క కత్తయినా ఉండాలిగా అని.

మొదటి వేటుకే రాక్షసుడి తల తెగింది. పోస్ట్‌మాన్ ఈల వేశాడు.

తమ్ముడు కాసేపు పాచికని అటూ ఇటూ తిప్పి, "కత్తి కొట్టింది. నేనేం చేశాను అక్కా?" అన్నాడు.

చాలా సంతోషించాడనే అనుకుంటున్నాను.

మార్చి 11, సోమవారం

మాయకత్తి ఆలోచన పోస్ట్‌మాన్‌ది.

మార్చి 12, మంగళవారం

నాదే.

మార్చి 14, గురువారం

అమ్మ కంటి ఆపరేషన్ ఏప్రిల్ 9కి ఖాయం. నేనే వెళ్ళి కంటి డాక్టర్ని చూశాను, పరీక్షలు చేయించాను, సెలవు రాశాను, కారు మాట్లాడాను, చుక్కల మందు తెచ్చాను. చెయ్యాల్సిన పనులు పదకొండు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, అప్పుడే తొమ్మిది పనులకి టిక్కు పెట్టేశాను. ఇంత చక్కగా ఎవరు చేస్తారు?

"తమ్ముడికి చెప్పావా?" అంది అమ్మ.

"వాడికెందుకమ్మా శ్రమ. అంతా అయిపోయిందిగా."

అమ్మ ఆ లిస్టుని మసకకంటితోనే చాలాసేపు చూసింది.

మార్చి 17, ఆదివారం

ఈసారి మంత్రాలు పారని గుహ. లోపలికి అడుగుపెడితే ఏ కార్డూ పనిచెయ్యదు. మూడు గంటలూ తమ్ముడే కొట్టాడు, తమ్ముడే గెలిచాడు. డాక్టరమ్మ కార్డులు దగ్గర పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. పాపం రెండుసార్లు టీ కలిపింది. మూడోసారి లేవబోతే అమ్మ, "ఇంక చాలమ్మా, మాకు నిద్ర పట్టదు" అంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ తమ్ముడు మెల్లగా అన్నాడు, "ఆవిడ చేతులు కట్టేసి నన్ను గెలిపించావు. నాకు తెలీదనుకున్నావా?"

సరదాకన్నాడు.

మార్చి 18, సోమవారం

సరదాకి కాదు.

మార్చి 23, శనివారం

తమ్ముడు ఫోన్ చేశాడు. రేపు రాడట, పనుందట. ఆదివారం ఏం పనిరా అంటే, "నేను లేకపోయినా నడుస్తుంది కదా అక్కా" అన్నాడు. కోపంగా అనలేదు. లిఫ్టులో ఏ బోల్టు పోయిందో చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఈ మాట ఇంతకుముందు ఒకసారి విన్నాను.

మార్చి 24, ఆదివారం

రాలేదు. డాక్టరమ్మ నాలుగు యుద్ధాలు ఒంటిచేత్తో గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మ రాక్షసుల పాచికలు పక్కకి నెట్టేసి, "ఎదురుగా మనిషి లేకుండా ఎవరిని కొట్టనే?" అంది. నాలుగింటికే లేచిపోయాం.

మార్చి 25, సోమవారం

రాయనన్నాను కానీ రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

ఎనిమిదేళ్ళ కిందట, నాన్న ఆసుపత్రిలో. తొమ్మిది రోజులూ అంతా నేనే. ఏ డాక్టరు, ఏ గది, ఏ మందు అన్నీ నేనే. తమ్ముడు పొద్దున్నా సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. ఏదైనా చెయ్యమంటావా అని అడిగేవాడు. అయిపోయిందిరా అనేదాన్ని. చివరి రోజు గుండె ఆపరేషన్ అన్నారు. తమ్ముడు ఫోన్లో, "ఇరవై నిమిషాల్లో వస్తున్నా" అన్నాడు. నర్సు కాగితం ఇచ్చింది. నేను సంతకం పెట్టేశాను. లోపలికి తీసుకెళ్ళిపోయారు. నాన్న మళ్ళీ బయటికి రాలేదు.

కాసేపు ఆగొచ్చా అని నేను ఎవరినీ అడగలేదు. ఆగనిచ్చేవాళ్ళో కాదో నాకిప్పటికీ తెలీదు. అడగాలని తోచనేలేదు, అంతే.

తమ్ముడు వచ్చి మూసిన తలుపు చూశాడు. నన్ను చూశాడు. "నేను లేకపోయినా నడిచింది కదా అక్కా" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు మాట లేదు.

వంతెన మీద వాడు పాచిక వెయ్యబోతుంటే డాక్టరమ్మ ముందే నిప్పుల వాన కురిపించింది. నేను చప్పట్లు కొట్టాను. వాడు పాచిక డబ్బాలో పెట్టుకుంటుంటే చూసి, బాగానే ఉన్నాడని రాసుకున్నాను. నా మొహం!

మార్చి 26, మంగళవారం

ఇవాళ్టి సంగతి నిలబడి రాస్తున్నాను, కూర్చోలేకపోతున్నాను!

మధ్యాహ్నం డాక్టరమ్మ బైండింగు గదికి వచ్చింది. తెల్లకోటుతోనే వచ్చింది, జేబులో చిన్న అద్దం కూడా ఉంది. ఎర్రట్ట పుస్తకం, కార్డుల కట్ట నా బల్ల మీద పెట్టింది.

"నేను మంత్రగత్తెని మానేస్తానక్కా. వంటవాడి వేషమో, పాటలు పాడేవాడి వేషమో ఏదో ఒకటి ఇవ్వండి. అందరి పనీ నేనే చేసేస్తున్నానని నాకు తెలుస్తోంది. కానీ కార్డు చేతిలో ఉంటే వాడకుండా ఎలా ఉండను చెప్పండి? పుచ్చిన పన్ను కళ్ళెదుట కనిపిస్తుంటే ఊరుకోలేను కదా."

ఎంత మంచి మనిషో! తప్పు మీది కాదని చెప్పి పంపించాను. మరి తప్పు ఎవరిదో అప్పటికి నాకు తెలీదు.

ఆవిడ వెళ్ళాక ఊరికే పుస్తకం తిప్పుతున్నాను. రెండేళ్ళుగా మంత్రాల భాగం ముట్టుకోలేదు. ఒకచోట నా బొటనవేలు ఆగింది. ఆ కాగితం మందంగా ఉంది. ఒక్క కాగితం అంత మందం ఉండదు. వెలుతురుకి పట్టి చూస్తే లోపల అక్షరాల మీద అక్షరాలు.

రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మధ్యలో రెండు పేజీలు. నంబర్లు ఉంటే ఎవరికైనా ఇట్టే తెలిసేది.

కెటిల్ ఆవిరి పట్టి, తడి అద్దుడు కాగితం పెట్టి, సన్నటి చాకుతో అంచు నుంచి మెల్లమెల్లగా విడదీశాను. గంట పట్టింది. ఒక్క అక్షరం చిరగలేదు. లోపల ఏముందంటే, అలాగే ఎత్తి రాస్తున్నాను:

"మంత్రం చదవడం మొదలుపెట్టినవారు నిలబడినచోటు నుంచి కదలరాదు. మిగిలినవారందరి వంతులూ పూర్తయిన తరువాతే మంత్రం ఫలిస్తుంది. ఈలోపు చదివేవారికి దెబ్బ తగిలితే మంత్రం చెడుతుంది. ఆయుధం పట్టినవారు పక్కన నిలబడి ఆ దెబ్బలను తమ మీదికి తీసుకోవచ్చు."

రెండేళ్ళుగా మా మంత్రగత్తె కార్డు చూపించడం, పని అయిపోవడం. అసలు రూలు ప్రకారం ఆవిడ వంతు ఆఖరున! అందరూ ఆడాక! అప్పటిదాకా ఆవిణ్ణి కాపాడేవాడు లేకపోతే నిప్పుల వాన కాదు కదా, అగ్గిపుల్ల కూడా వెలగదు!

ఈ జిగురు నాది కాదు. లైబ్రరీకి రాకముందే ఎవడో అతికించి ఉంటాడు.

మార్చి 27, బుధవారం

మైదా జిగురు. పురుగులు, చీమలు ముట్టకుండా అందులో పటిక కలిపారు, నాలిక మీద పెడితే వగరు. ఈ చుట్టుపక్కల పటిక కలిపే బైండరు ఎవరో నాకు తెలుసు.

ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్త రూలు నేనే కనిపెట్టానని చెప్తే సరిపోతుంది. తెలివైనదాన్నని మెచ్చుకుంటారు కూడా.

మార్చి 28, గురువారం

ఉహూఁ. చెప్పాలి. పంతొమ్మిదేళ్ళలో రెండు కాగితాలు అతికించింది ఈ ఒక్కసారే. సరిగ్గా ఆ రెండే దొరకాలా నాకు?

మార్చి 30, శనివారం

తమ్ముడు పనిచేసే చోటికి వెళ్ళాను. ఆరంతస్తుల ఆఫీసు. లిఫ్టు ఆగిపోయి ఉంది, దాన్ని బాగుచేస్తున్నది వాడేగా మరి. పుస్తకం చంకలో పెట్టుకుని ఆరంతస్తులూ మెట్లెక్కాను. డాబా మీద మోటారు గదిలో ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు.

"ఏంటక్కా, ఏమైంది? అమ్మకేమైనా..."

"అమ్మ బాగుంది. నాకు ఊపిరి అందనివ్వు."

మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. తాగి, పుస్తకం తెరిచి ఆ రెండు పేజీలూ చూపించాను. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇదెక్కడిది?"

"ఎప్పుడూ ఉంది. అతుక్కుపోయింది."

"ఎవరతికించారు?"

నేను మోటారుకేసి చూశాను.

"నువ్వా?" అన్నాడు. "నువ్వు? జిగురు?" అని నవ్వడం మొదలుపెట్టాడు. వాడు అలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో! చేతుల గ్రీజు కూడా మరిచిపోయి మొహం తుడుచుకున్నాడు, మీసం అంతా నల్లబడింది. "రెండేళ్ళు నా కత్తివీరుణ్ణి జిగురేసి మూసేశావు కదక్కా!"

నవ్వు ఆగాక నేను రెండో సంగతి మొదలుపెట్టాను. దారి పొడుగునా చక్కగా కూర్చుకున్న మాటలన్నీ మెట్ల మీదే ఎక్కడో జారిపోయాయి. "ఆ రోజు నేను నీ కోసం ఆగాల్సింది. కనీసం ఆగొచ్చా అని అడగాల్సింది. అడగలేదు. తప్పు చేశాన్రా" అన్నాను.

వాడు రెంచి తీసుకుని ఒక బోల్టు బిగించాడు. అది అప్పటికే బిగించి ఉన్న బోల్టు.

"అమ్మ కంటికి తొమ్మిదో తారీకేగా?" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"అమ్మ చెప్పింది. రెండు వారాలైంది. నువ్వు చెప్తావేమో అని చూస్తున్నా."

సంచిలోంచి ఫ్రిజ్ మీది లిస్టు తీసి ఇచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పటిదాకా నాకే తెలీదు. వాడు గ్రీజు వేళ్ళతో ఒక మూల పట్టుకుని చదివాడు.

"పదికి టిక్కు పెట్టేశావు."

"పదకొండోది ఉంది. ఆ రోజు ఆసుపత్రిలో అంతా చూసుకోవడం. అది నీది. నేను కుర్చీలో కూర్చుంటాను."

"నువ్వా? కూర్చోవడమే?"

"నవ్వకు. నేర్చుకుంటున్నాను."

లిస్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు, "కాసేపాగు, లిఫ్టు నడిపిస్తా, దిగిపోదువుగాని" అన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆగాను.

మార్చి 31, ఆదివారం

ఏం రోజు! అమ్మా, ఏం రోజు!

ముందు అందరి ముందూ నిలబడి జిగురు సంగతి ఒప్పుకున్నాను. పోస్ట్‌మాన్ బల్ల కింద దూరి నవ్వాడు. అమ్మ, "దీనికి చిన్నప్పుడే చెప్పా, జిగురు పలచగా కలపవే అని" అంది. ఎప్పుడూ చెప్పలేదు. నేను భయపడింది డాక్టరమ్మ గురించి. బలం సగానికి తగ్గిపోతోంది కదా. ఆవిడ ఆ రెండు పేజీలూ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని చదివింది.

"అంటే చదువుతున్నంతసేపూ నన్ను ఎవరైనా పొడవచ్చా?"

"పొడవచ్చు."

"అబ్బ!" అంది, మొహం వెలిగిపోయింది. "రెండేళ్ళుగా నాకు ఒక్కసారి కూడా భయం వెయ్యలేదక్కా. పక్కన చూసుకునే మనిషి లేకుండా నేను ఒక్క పన్నూ పీకను, ఇక్కడ మాత్రం అంతా ఒక్కదాన్నే పీకేస్తున్నా!"

కాలిపోయిన వంతెన బదులు ఇంకో వంతెన కట్టాను. అవతలి ఒడ్డున రాతి రాక్షసి, దాని పిల్లలు తొమ్మండుగురు. డాక్టరమ్మ, "నిప్పుల వాన మొదలుపెడుతున్నా" అని కార్డు బల్ల మీద పెట్టి చేతులు ముడుచుకుని కూర్చుంది. ఇంతకుముందు అక్కడికి అయిపోయేది. ఇప్పుడు అందరూ తమ్ముడి వైపు చూశారు.

వాడు చొక్కా చేతులు మడిచాడు.

"ఆవిడ ముందు నేనుంటా. ఎవరొచ్చినా నా మీదికే."

అమ్మ పాచికలు వేసింది. "ఇరవై!" అంది. పోస్ట్‌మాన్ వంగి చూసి, "ఈసారి నిజంగానే ఇరవై" అన్నాడు. తమ్ముడి వీరుడి ప్రాణం లెక్క నలభై నుంచి ఇరవై ఆరుకి దిగింది. రెండో పిల్ల కొడితే పంతొమ్మిదికి. మూడోది కొడితే పన్నెండుకి. వాడు ఒకదాన్ని నీళ్ళలోకి తోశాడు, ఇంకోదాన్ని డాలుతో ఆపాడు. మాయకత్తి ఒరలోంచి తియ్యనేలేదు, పాత కత్తే వాడాడు. పోస్ట్‌మాన్ దొంగ వంతెన కింద నుంచి పాకుతూ వెళ్ళి అవతలి తాళ్ళలో ఒకదాని ముడి విప్పి, వెనకొచ్చే పిల్లల్ని నీళ్ళలో పడేశాడు. తాళాలు తీసే పుల్లలు ఎట్టకేలకి పనికొచ్చాయని అరిచాడు. రాక్షసి స్వయంగా వచ్చింది. అమ్మ రెండు చేతులతో పాచికలు కలిపి వేసింది.

తమ్ముడి ప్రాణం ఒకటి.

ఒక్కటంటే ఒక్కటి. డాక్టరమ్మ కుర్చీ అంచున ఉంది, బల్ల మీది కార్డుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. తమ్ముడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోజుకి పది మాటలు కూడా మాట్లాడని మనిషి, పక్కింటికి వినపడేలా అరిచాడు:

"చదవండి డాక్టరమ్మా, చదవండి! నేనున్నా!"

అందరి వంతులూ అయ్యాయి. ఆవిడ వంతు వచ్చింది. నిప్పుల వాన పడింది.

అమ్మతో సహా అందరం లేచి నిలబడ్డాం. చచ్చింది తన రాక్షసే, అయినా ఎగిరి గంతేసింది. డాక్టరమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. పక్కింటావిడ తలుపు కొట్టి, "ఏమైందండీ?" అంది. "గెలిచాం!" అని అరిచాం. ఆవిడ కూడా నవ్వేసింది. వచ్చేవారం నుంచి తనకీ ఒక కుర్చీ వెయ్యమంది.

తమ్ముడు పాచిక డబ్బాలో పెట్టుకోలేదు. బల్ల మీదే మరిచిపోయి వెళ్ళాడు. వచ్చే ఆదివారం వస్తాడుగా, అక్కడే ఉంచాను.

ఏప్రిల్ 9, మంగళవారం

అమ్మ బాగుంది. కంటికి కట్టు కట్టారు, రేపు విప్పుతారు. మంచం మీద నుంచే పోస్ట్‌మాన్‌కి ఫోన్ చేసి, "ఇన్నాళ్ళూ నా ఇరవైలని ఆరులని ఎన్నిసార్లు చెప్పావో ఆదివారం తేలుస్తా" అని బెదిరించింది.

ఇవాళ నేను ఏమీ చెయ్యలేదు. ఇంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు. ఆసుపత్రిలో తమ్ముడు ముందు తప్పు కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. సరైనది ఏదో నాకు తెలుసు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఎడమవైపు లిఫ్టు తలుపు తెరుచుకుంటే చెవి పెట్టి విని, "దీని చప్పుడు నాకు నచ్చలేదు" అని అమ్మని కుడివైపు దాంట్లో ఎక్కించాడు. ఆ సంగతి నా పదకొండు పనుల్లో లేనేలేదు. అమ్మ చెయ్యి వాడి చేతిలో ఉంది. వెనకాల సంచి మోసుకుంటూ నేను.

పైన నర్సు కాగితం తెచ్చింది. "రోగి తాలూకు ఎవరు?" అంది.

సగం లేచాను. కాళ్ళకి అలవాటు. మళ్ళీ కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. తమ్ముడు కాగితం తీసుకున్నాడు. మొత్తం చదివాడు, వెనక వైపు కూడా. నర్సుని రెండు ప్రశ్నలు అడిగాడు. ఎంతసేపు పడుతుంది, లోపలికి తీసుకెళ్ళేముందు ఒక నిమిషం మాట్లాడొచ్చా. మాట్లాడొచ్చు అంది ఆవిడ. ఎంత తేలిగ్గా అనేసిందో! నాకు కళ్ళు మసకేశాయి.

వాడు అమ్మ దగ్గర వంగి ఏదో అన్నాడు, అమ్మ నవ్వింది. తర్వాత గోడకి కాగితం ఆనించి నెమ్మదిగా సంతకం పెట్టాడు. నేను కుర్చీలోనే ఉన్నాను. వాడు కలం మూత పెట్టలేదు. తిరిగి నన్ను చూశాడు.

"అక్కా, సాక్షి సంతకం కావాలిట. రా, నీ వంతు."

లేచి వెళ్ళి, వాడి పేరు కింద నా పేరు రాశాను.